రాగి సెంటులకు సంఖ్యలు వేసినవాడు

అమెరికాలో పాత నాణెములు కొనేవారు ఈనాడు ఒక రాగి సెంటును చేతికి తీసుకుంటే, నాణెముకంటె ముందు దాని చీటీని చదువుతారు. నాణెము పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బంధింపబడి ఉంటుంది. చీటీమీద సంవత్సరము, ఒకటి మొదలు డెబ్బది వరకు గల అంకెలలో ఏదో ఒకటి ఉంటాయి. అచ్చు గుర్తించిన నాణెమైతే ఎస్ అనే అక్షరంతో కూడిన మరొక సంఖ్య కూడ ఉంటుంది. మొదటి అంకె నాణెము ఎంత అరిగినదో చెబుతుంది. రెండవ సంఖ్య అది ఏ అచ్చుదిమ్మల జంట నడుమ పుట్టినదో చెబుతుంది. ఈ రెండు లెక్కలూ ఒకే మనిషి స్థిరపరచినవి. ఆ ఎస్ ఆయన ఇంటిపేరులోని తొలి అక్షరమే. ఆయన వృత్తిచేత వర్తకుడు కాడు, చరిత్రకారుడూ కాడు. మనుష్యుల దేహాలను కొలిచిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు.

విలియం హెర్బర్ట్ షెల్డన్ 1898 నవంబరు 19వ తేదీన రోడ్ ఐలెండ్ రాష్ట్రంలోని వారిక్ అనే ఊరిలో జన్మించినాడు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, చికాగోలో 1925లో మనస్తత్వ శాస్త్రాన డాక్టరేటును, 1933లో వైద్యపట్టాను పొందినాడు. రాగినాణెముల మీది మక్కువ మాత్రం ఈ పట్టాలకంటె పాతది. బాల్యంలో పట్టుకున్న ఆ వ్యసనం ఆయనను కడదాకా విడువలేదు.

లోకానికి ఆయన పేరు తెలిసినది శరీర నిర్మాణ సిద్ధాంతంవలన. మనిషి దేహంలో స్థూలత్వము, కండపుష్టి, సన్నదనము అనే మూడు గుణాలున్నవనీ, ఒక్కొక్కదానికి ఒకటినుండి ఏడు వరకు మార్కులు వేయవచ్చుననీ, ఆ మూడంకెలనుబట్టి మనిషి స్వభావాన్ని కూడ తెలుసుకోవచ్చుననీ ఆయన వాదించినాడు. ఆ సిద్ధాంతంపై తొలి గ్రంథం 1940లో వెలువడినది. ఇందుకోసం విశ్వవిద్యాలయాలలో చేరిన యువతీయువకులను, నిలుచునే తీరు పరీక్షించే నెపంతో, వివస్త్రలుగా నిలబెట్టి వేలకొలది ఛాయాచిత్రాలు తీయించినారు. 1950లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పగా అక్కడ పెద్ద గగ్గోలు పుట్టి, ఆ చిత్రాలు దగ్ధమైనవి. ఆ సిద్ధాంతాన్ని శాస్త్రలోకం క్రమంగా విడిచిపెట్టినది. దానిని గూర్చి ఇక్కడ ఇంతకంటె చెప్పవలసిన పనిలేదు. కాని దేహాన్నిగాని లోహాన్నిగాని కంటబడిన వెంటనే అంకెగా మార్చవలెననే తహతహ ఒక్కటేనని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

రాగి సెంటుల మాట చూతము. ఫిలడెల్ఫియా టంకశాల 1793లో కొట్టిన మొదటి సెంటులు మన పాత రూపాయికంటె కొద్దిగా చిన్నవి. ఆ కాలంలో అచ్చుదిమ్మలను చేతితోనే చెక్కేవారు. తల, అక్షరాలు, ఆకులు, కాయలు, సంవత్సరపు అంకెలు ఒక దిమ్మలో ఉన్నట్లు మరొక దిమ్మలో ఉండవు. గట్టిపరచిన ఉక్కు కూడ కొంతకాలానికి పగులుతుంది. అప్పుడు కొత్త దిమ్మ చెక్కుతారు. పాత వెనుకదిమ్మతో కొత్త ముందుదిమ్మను జతచేస్తారు. ఈ విధంగా ఒకే సంవత్సరపు సెంటులలో పదులకొలది భేదాలు ఏర్పడినవి. 1793 నాటి ఒక దిమ్మమీద చెక్కినవాడు అమెరికా అనే పేరును పూర్తిగా వ్రాయక నడుమనే తుంచి చుక్కపెట్టినాడు. అదే షెల్డన్ లెక్కలో ఎస్-1. 1794 నాటి ఒక వెనుకదిమ్మ అంచున ఎవరో తొంబదినాలుగు చిన్న నక్షత్రాలు పొదిగినారు. ఎందుకు పొదిగినారో నేటికీ తేలలేదు. అది ఎస్-48. 1814వ సంవత్సరంతో ముగిసే ఆ వరుసలో చివరిది ఎస్-295.

ఈ జాబితా 1949లో గ్రంథరూపాన వచ్చినది. దానిని విస్తరించి 1958లో ఇద్దరు సహకారులతో కలిసి మరల ప్రకటించినాడు. షెల్డన్‌కు పూర్వం కూడ ఈ సెంటులను వర్ణించినవారున్నారు. కాని ధరను లెక్కగట్టే ఉపాయం ఆయనదే. అక్షరాలు కనబడనంతగా అరిగి, ఏ అచ్చుదో మాత్రమే గుర్తింపదగిన నాణెమునకు ఒకటి అనే అంకె ఇచ్చినాడు. ఆ రోజులలో 1794 నాటి సెంటు ఒకటి ఏమాత్రమూ అరగక దొరికితే దాని వెల అరిగిన దానికి సుమారు డెబ్బదిరెట్లు పలికేది. కాబట్టి పరమోత్తమమైన నాణెమునకు డెబ్బది. అరిగిన దాని ధరను అంకెతో గుణిస్తే చాలు, నాణెము ధర వస్తుంది. కొద్దికాలంలోనే అంగడి ఆ గుణకారాన్ని లెక్కచేయక పైకెగసినది. గుణకారం పోయినది, డెబ్బది మాత్రం మిగిలినది. ఎందుకు డెబ్బదియో తెలియకుండానే ఈనాడు వెండి, బంగారు నాణెములకు కూడ ఆ అంకెలనే వేస్తున్నారు. ధరలకు పుట్టిన కొలత, ధరలతో సంబంధం తెగిన పిదప, ప్రమాణమై కూర్చున్నది.

అరుదుదనానికి కూడ ఆయన ఎనిమిది మెట్లు కట్టినాడు. పదమూడునుండి ముప్పదివరకు నాణెములు తెలిసియుంటే ఆరవ మెట్టు, నాలుగునుండి పన్నెండయితే ఏడవది, మూడుగాని అంతకు తక్కువగాని అయితే ఎనిమిదవది. మూడుకు మించి దొరకని వాటిని సేకర్తలు ఆశించి ప్రయోజనం లేదని వేరే సంఖ్యలిచ్చి పక్కన పెట్టినాడు. స్ట్రాబెరీ ఆకు సెంటు అనబడే 1793 నాటి నాణెము ఆ కోవలోనిదే. దాని రెండు భేదాలకూ కలిపి తెలిసినవి నాలుగే. ప్రతి భేదంలో అత్యుత్తమమైన ఆరు నాణెముల అంకెలను వరుసగా వ్రాయటం ఆయన అలవాటు. ఆ ఆరింటిలో తన నాణెము ఉన్నదా అని చూసుకోవటం సేకర్తలకు వ్యసనమైనది.

ఈ ఆరింటి పట్టికయే పెరిగి పెద్దదై నేటి పాపులేషన్ రిపోర్టు అయినదనవచ్చును. షెల్డన్ పోయిన తరువాత 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అనే సంస్థలు వెలసినవి. రుసుము పుచ్చుకొని నాణెమును పరీక్షించి, అంకె నిర్ణయించి, పెట్టెలో మూసి, ఏ సంవత్సరంలో, ఏ భేదంలో, ఏ అంకెకు ఎన్ని వచ్చినవో నాణెముల జనాభా లెక్కగా ప్రకటిస్తారు. ఈ లెక్కలో రెండు మెలికలున్నవి. సామాన్యంగా పంపినవారు కోరి, అదనంగా చెల్లిస్తేనే అచ్చు భేదాన్ని గుర్తిస్తారు. కోరకుంటే అపురూపమైన నాణెము కూడ వట్టి సంవత్సరం కిందనే పడిపోతుంది. అందుచేత ఒక భేదానికి ఎదురుగా మూడు అని ఉంటే, మూడే మిగిలినవని అర్థం కాదు. ఇక రెండవది. అంకె పెరుగుతుందని ఆశపడి ఒకే నాణెమును పెట్టె పగులగొట్టి పలుమార్లు పంపేవారున్నారు. పాత చీటీ తిరిగి ఇవ్వకపోతే ఆ ఒక్కటి రెండుగా, మూడుగా లెక్కకెక్కుతుంది. ఇన్ని ఉన్నవని పట్టిక చెబుతుంది గాని, ఏవి ఉన్నవో చెప్పదు.

ఈ లోపమును అందరికంటె ముందు గ్రహించినవాడు, దానిని ఉపయోగించుకున్నవాడు షెల్డనే కావటం విచిత్రం. అల్యూమినియం పరిశ్రమలో పేరుపొందిన జార్జి క్లాప్ తన రాగి సెంటులను న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి దానమిచ్చినాడు. షెల్డన్ వంటి పండితునికి ఆ పళ్లెములు చూడటానికి అడ్డేమున్నది? ఆయన వెళ్ళి, చూచి, ఒక మేలైన నాణెమును తీసుకొని అదే సంఖ్యగల నాసిరకపు నాణెమును దాని చోట ఉంచినాడని సొసైటీ పిమ్మట నిర్ధారించినది. తీసినవి నూటికి పైమాటే. పళ్లెములో ఖాళీ కనబడలేదు. ప్రతి గుంటలోను ఉండవలసిన ఎస్ సంఖ్య ఉన్నది. జాబితా చేతబట్టుకొని ఎవరు లెక్కించినా లెక్క సరిపోయినది. సంఖ్య ఒకటైతే నాణెము ఒకటేనని నమ్మే అలవాటును లోకానికి నేర్పినవాడే ఆ నమ్మకము మాటున తన పని చక్కబెట్టుకున్నాడు.

1972లో ఆయన తన సేకరణను కాలిఫోర్నియాకు చెందిన ఒక సేకర్తకు అమ్మినాడు. 1977 సెప్టెంబరు 17వ తేదీన కేంబ్రిడ్జిలో మరణించినాడు. దొంగతనం బయటపడినది 1990 దాటిన తరువాత. అప్పటికి సమాధానం చెప్పుకొనటానికి ఆయన లేడు. ఆ మాట న్యాయం కోసం చెప్పవలసియున్నది. కాని ఆయనపై సాక్ష్యం చెప్పినవి మనుష్యులు కారు, క్లాప్ కాలపు ఛాయాచిత్రాలు. పటంలో ఒక సెంటు చెంపమీద గీత ఉన్నది, పళ్లెములోని దానికి లేదు. అంకెలు దాచిన సంగతిని గీతలు, మచ్చలు బయటపెట్టినవి.

కొన్నవాడు మంచి మనసుతో డబ్బిచ్చినవాడే; గడువు దాటిపోయినదని ఆయన వాదం. దొంగసొత్తు ఎవరివద్ద ఉన్నదో అసలు యజమానికి తెలిసిననాటినుండే గడువు లెక్కింపవలెనని కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానం 1996లో నిర్ణయించినది. చివరికి తీర్పు సొసైటీ పక్షాననే వచ్చినది. వెల యిచ్చి కొన్న సెంటులను ఇరవయ్యేండ్ల తరువాత అప్పగించవలసివచ్చిన ఆ సేకర్త దుఃఖాన్ని ఏ పట్టికలోను ఎవరూ ఎక్కించలేదు.

ఎస్ సంఖ్యలను మాత్రం ఎవరూ మార్చలేదు. మార్చటానికి అంతకంటె మంచివి లేవు. ఆ గ్రంథంలోని పరిశ్రమ నిజమైనది. 1967లో ఏర్పడిన పాత రాగినాణెముల సేకర్తల సంఘంవారు మాత్రం సంస్థల లెక్కలతో తృప్తిపడక, ఒక్కొక్క మేలైన సెంటుకు దాని పూర్వపు యజమానుల వరుసను వ్రాసుకుంటారు. అట్టి వంశావళులు కొన్నింటిలో సొసైటీ పేరు రెండుమార్లు వస్తుంది. నడుమ షెల్డన్ పేరు ఉంటుంది.