ప్రతి వేల్‌కీ ఒక ఐడీ

డీబీఎంఎస్ క్లాసులో ప్రైమరీ కీ అంటే నాకు రెండు మార్కుల ప్రశ్న, అంతే. లిస్టులో ఒకే పేరుతో ఇద్దరుంటే ఎవరు ఎవరో తేలాలంటే ఒక్కొక్కరికీ వేరే ఐడీ ఉండాలి. కంప్యూటర్ల కాలం ఇంకా సరిగ్గా రాకముందే, ఇదే పని సముద్రంలో కిల్లర్ వేల్స్‌కి చేసిన ఒకాయన ఉన్నారు. పేరు మైకేల్ బిగ్.

బిగ్ 1939లో లండన్‌లో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబంతో కెనడా పడమటి తీరానికి, బ్రిటిష్ కొలంబియాకి వచ్చేశారు. సీల్స్ మీద పీహెచ్‌డీ చేసి, 1970లో ననైమో ఊళ్లోని ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో సముద్ర క్షీరదాల విభాగం బాధ్యత తీసుకున్నారు.

అప్పటికి అక్కడ కిల్లర్ వేల్ అంటే జనానికి భయం, జాలర్లకి కోపం. మా సాల్మన్ చేపలన్నీ ఇవే తినేస్తున్నాయని కనిపిస్తే కాల్చేవాళ్లు. 1961లో వాటి కోసం ప్రభుత్వమే తీరంలో మెషిన్ గన్ పెట్టింది, అదృష్టం కొద్దీ అది పేలలేదు. తర్వాత ఇవి మనుషులకి మచ్చికవుతాయని తెలిసింది. అక్వేరియంల నుంచి డిమాండ్ పెరిగింది. వలలు వేసి, ముఖ్యంగా పిల్లల్ని పట్టి అమ్మడం మొదలైంది. వేలల్లో ఉన్నాయి కదా, కొన్ని పోతే ఏమవుతుందిలే అనుకున్నారు. కానీ ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ లెక్క బిగ్ చేతికి వచ్చింది. జాలర్లకి, పడవలవాళ్లకి, లైట్‌హౌస్ సిబ్బందికి వేల సంఖ్యలో ఫారాలు పంపించారు. 1971 జూలై 26న, ఆ ఒక్కరోజు, మీకు కనిపించిన వేల్స్ ఎన్నో రాయండి అని అడిగారు. తేలిందేమిటంటే, వేలు కాదు, మహా అయితే 350.

చాలామంది నమ్మలేదు. ఒకే వేల్‌ని రెండుచోట్ల లెక్కపెట్టారేమో, కొన్ని అసలు కనబడలేదేమో అనే అనుమానాలు ఉండనే ఉన్నాయి. 1972లో బిగ్, ఆయన సహచరుడు ఇయన్ మకాస్కీ ఒక ఆడ వేల్‌ని చూశారు. దాని వీపు మీది రెక్క తెగిపోయి మోడులా మిగిలింది. దానికి స్టబ్స్ అని పేరు పెట్టారు. దాన్ని ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు. మరి మిగతావాటిని? ఫొటోలు పెద్దవి చేసి చూస్తే ప్రతి రెక్కకీ ఏదో ఒక నొక్కో గాటో ఉంది, రెక్క వెనక ఉండే బూడిద రంగు మచ్చ కూడా దేనిది దానికే వేరు. స్టబ్స్ ఏ1 అయింది, తర్వాతది ఏ2. అలా ఒక్కొక్క దానికీ ఐడీ వచ్చింది.

ఈ స్పీడులో పట్టుకుంటూ పోతే ఇవి మిగలవని బిగ్ తేల్చి చెప్పారు. 1970ల మధ్యకల్లా ఆ తీరంలో వేట ఆగిపోయింది. లెక్క తేలింది కదా అని పైవాళ్లు ఆయన్ని వేరే పనుల మీదకి మార్చారు. బిగ్ మాత్రం ఆపలేదు. గ్రేమ్ ఎల్లిస్ లాంటి స్నేహితులతో కలిసి, సొంత టైమ్‌లో ఫొటోలు పోగుచేస్తూనే ఉన్నారు.

అసలు సంగతులు ఆ ఫొటోల్లోంచే బయటపడ్డాయి. కొడుకులైనా కూతుళ్లైనా జీవితాంతం అమ్మతోనే ఉంటారు. చిన్న చిన్న గుంపులుగా తిరిగే కొన్ని వేల్స్ మాత్రం మిగతావాటితో కలవవు. పెద్ద గుంపుల్లోంచి వెళ్లగొట్టినవేమో అని మొదట బిగ్ కూడా అనుకున్నారు. ఏళ్ల తరబడి ఫొటోలు చూశాక అది తప్పని తెలిసింది. అవి వేరే రకం. చేపలు ముట్టవు, సీల్స్‌ని వేటాడతాయి. 1970లో పట్టుకున్న కొన్ని వేల్స్ రెండు నెలలకి పైగా చేప తినకుండా పస్తులెందుకున్నాయో అప్పుడర్థమైంది.

లుకేమియాతో 1990 అక్టోబర్‌లో, 50 ఏళ్లకే బిగ్ చనిపోయారు. అస్థికల్ని ఆ వేల్స్ తిరిగే జాన్‌స్టోన్ జలసంధిలోనే కలిపారు. సీల్స్‌ని తినే ఆ రకాన్ని ఇప్పుడు బిగ్స్ కిల్లర్ వేల్స్ అంటున్నారు. వాటిని ప్రత్యేక జాతిగానే గుర్తించాలని 2024లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు కూడా.

ఆ తీరంలో దక్షిణం వైపు ఉండే జే, కే, ఎల్ గుంపులు మూడూ కలిపినా వంద లేవు. అందులో ఒకటి కనిపించకపోతే అది ఏదో, దాని తల్లి ఎవరో ఈరోజు చెప్పగలుగుతున్నారు. బిగ్ మొదలుపెట్టిన ఆ టేబుల్‌ని ఇంకా అప్‌డేట్ చేస్తూనే ఉన్నారు.