కుమారి క్లారా బార్టన్

ఆపద సంభవించిన పిమ్మట ధనమును, వస్త్రములును, సానుభూతియు దేశము నలుమూలలనుండి వచ్చును. గాయమునకు కట్టు కట్టవలసినవాడు మాత్రము ఆ యూరిలోనే యుండవలెను. అమెరికాలో రెడ్ క్రాసు సంఘమును స్థాపించిన క్లారా బార్టన్ చరిత్రమున మేము ముఖ్యముగా జూచునది యిదియే.

ఆమె 1821 డిసెంబరు 25వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డులో జన్మించెను. పదునొకండవ యేట, కొట్టముపైనుండి పడి మంచము పట్టిన యన్నకు రెండేండ్లు పరిచర్య చేసెను. ఆమె పొందిన వైద్యశిక్ష యంతయు నదియే. ఉపాధ్యాయినిగను, పేటెంటు కచ్చేరీలో గుమాస్తాగను పనిచేసి, అంతర్యుద్ధము రాగా సామగ్రి బండ్లతో రణభూములకే పోయెను. 1862లో ఆంటిటమ్ యుద్ధమున ఆమె చేతులలోనున్న క్షతగాత్రుని, ఆమె చొక్కాచేతిని చీల్చుకొనివచ్చిన గుండు చంపెను.

1869లో జినీవాయందు రెడ్ క్రాసును గూర్చి విని, 1881 మే 21న స్వదేశమున సంఘమును నెలకొల్పెను. ఐరోపాలో నది యుద్ధమునకై పుట్టినది. వరదలకును, అగ్నిప్రమాదములకును గూడ నది తోడ్పడవలెనని యామె పట్టుపట్టగా 1884లో జినీవా మహాసభ యంగీకరించెను.

1889 మే 31న పెన్సిల్వేనియాలో ఆనకట్ట తెగి, జాన్స్‌టౌను పట్టణమున 2,209 మంది మరణించిరి. బార్టన్ పరివారముతో అయిదవనాటి కచ్చటికి చేరి, అయిదు మాసములు నిలిచెను. అంతకన్న త్వరగా దూరమునుండి పోవుట సాధ్యమా? కాని యెముక విరిగి శిథిలములక్రింద బడియున్నవానికి అయిదు దినములు మిక్కిలి దీర్ఘకాలము. 1900లో గాల్వెస్టనును సముద్రము ముంచినపుడు ఆమె డెబ్బదియెనిమిదవ యేట మరల బయలుదేరెను. ఉప్పెన యననేమో మన కృష్ణాతీరవాసులకు మేము వివరింప నక్కఱలేదు.

సర్వాధికారము తనయందే యుంచుకొనెననియు, లెక్కలు సరిగా లేవనియు విమర్శలు రాగా 1904లో నామె యధ్యక్షపదవిని విడిచెను. ఆ యాక్షేపణ కేవలము నిరాధారమని మేమనజాలము. ప్రజాధనమునకు లెక్క యుండవలసినదే. అయినను మఱుసటి యేడే, ఎనుబదిమూడేండ్ల ప్రాయమున, ప్రథమచికిత్సను సామాన్యులకు నేర్పుటకై జాతీయ సంఘమొకటి స్థాపించెను. రక్తస్రావము నాపుట, విరిగిన యంగమునకు బద్దలు కట్టుట, గాయపడినవానిని కదలకుండ మోసికొనిపోవుట, ఇవియే యందలి పాఠములు. కట్టుగుడ్డలతో గూడిన పెట్టెలను సిద్ధపఱచి, నగరములందు అగ్నిమాపక దళములతోడను, పోలీసులతోడను సహాయక బృందములను గూర్చిరి. తరువాత రెడ్ క్రాసును ఈ బోధనను తన పనిగా జేసికొన్నది.

1912 ఏప్రిలు 12న గ్లెన్ ఎకోలోని స్వగృహమున నామె మరణించెను. ఆ యింటికి వాడిన కలపలో జాన్స్‌టౌను నిరాశ్రయులకై కట్టిన వసతులనుండి విప్పి తెచ్చినదియు గలదు.