సబ్బు కాని పదార్థం: షెవ్రూల్ జీవితం

నూనె నీటిలో కలవదు. రక్తంలో అధికభాగం నీరే. అయినా మనం భుజించిన నెయ్యి, నూనె ఆ రక్తం ద్వారానే అవయవాలకు చేరుతున్నవి. ఈ వింత బోధపడాలంటే ముందుగా క్రొవ్వు స్వభావం తెలియాలి. దానిని లోకానికి తెలిపినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మిషెల్ యూజీన్ షెవ్రూల్.

ఆయన 1786 ఆగస్టు 31న ఆంజే నగరంలో వైద్యుల ఇంట జన్మించాడు. విప్లవపు అల్లకల్లోలంలో బాల్యం గడిచింది. పదిహేడవ ఏట పారిస్ చేరి, రసాయన శాస్త్రంలో శిష్యరికం ప్రారంభించాడు.

క్రొవ్వు మొత్తంగా క్షారంతో కలిసి సబ్బు అవుతుందని ఆనాటివారి నమ్మకం. 1811లో పంది క్రొవ్వుతో చేసిన సబ్బును పరీక్షించడానికి పూనుకొన్న షెవ్రూల్, పెక్కేండ్ల కృషితో ఆ నమ్మకాన్ని తొలగించాడు. క్షారంతో కాచినపుడు క్రొవ్వు ఆమ్లాలుగాను, గ్లిసరిన్‌గాను విడిపోతుందని నిరూపించి, 1823లో గ్రంథం ప్రకటించాడు.

ఈ మధ్యకాలంలోనే పిత్తాశయపు రాళ్ళలోని తెల్లని పదార్థాన్ని కూడ క్షారంతో కాచి చూశాడు. చూపునకు అది క్రొవ్వే. కాని సబ్బు కాలేదు. కనుక అది వేరు జాతిదని గ్రహించి, పిత్తం, ఘనం అనే అర్థాలుగల గ్రీకు మాటలతో కొలెస్టరిన్ అని నామకరణం చేశాడు. అదే నేటి కొలెస్టరాల్.

ఆ భేదం ఎంత ముఖ్యమో తరువాతి శతాబ్దం తేల్చింది. 1929లో పారిస్‌లోనే మాష్‌బఫ్ గుర్రపు రక్తరసం నుండి, క్రొవ్వు పదార్థాలను ధరించిన ప్రొటీన్‌ను వేరుచేశాడు. క్రొవ్వూ కొలెస్టరాలూ ప్రొటీన్ల తొడుగుగల సూక్ష్మకణాలలో రక్తాన పయనిస్తవి. క్రొవ్వు అవయవాలలో విడిపోయి, ఇంధనంగా దహనమవుతుంది. కొలెస్టరాల్‌కు ఆ గతి లేదు. జీవకణాల పొరలకు అది అవసరమే. కాని మిగిలినదానిని శరీరం దహించలేదు. ఒక జాతి కణాలు దానిని అవయవాలకు చేర్చితే, మరొక జాతి కాలేయానికి మరలిస్తుంది. అక్కడినుండి పిత్తంతో అది వెలుపలికి పోవాలి. చేర్చే కణాలు మితిమీరితే ధమనుల గోడలలో పేరుకొంటుంది. షెవ్రూల్‌కు అది పిత్తాశయపు రాళ్ళలో దొరకడం యాదృచ్ఛికం కాదు. దాని నిష్క్రమణ మార్గమే అది.

ఈ రవాణా రహస్యం ఎరుగకుండానే 1889 ఏప్రిల్ 9న, నూటరెండేండ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. ఆయన జీవించి ఉండగానే ఈఫిల్ గోపురంపై ఆయన నామం చెక్కబడింది. అయినా ఆయన తనను విద్యార్థులందరిలో పెద్దవాడినని మాత్రమే చెప్పుకొనేవాడు.