హాల్డేన్ మహాశయుడు: విత్తనము, నేల

చంద్రగిరి దాటి, భాకరాపేట కనుమ నెక్కి పడమటికి పోయినచో పుంగనూరు ప్రాంతము వచ్చును. అచటి పొట్టియావు అనావృష్టి కోర్చి, ఎండుగడ్డితోనే చిక్కని పాలిచ్చును. పాశ్చాత్యుల జెర్సీయావు చల్లని పచ్చికబయళ్లలో ననేకరెట్లు పాలిచ్చును గాని, మన యెండలకు సొలసిపోవును. ఇందేది మేలుజాతి? నేలను విచారింపక చెప్పరాదని తేల్చినవాడు జె. బి. ఎస్. హాల్డేన్.

ఈయన 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డున జన్మించెను. జీవపరిణామ శాస్త్రమునకు గణితపు పునాది వేసిన మువ్వురిలో నొకడు. జన్మగుణములను పరిసరములనుండి విడదీసి తూచరాదనియు, చోటు మారిన హెచ్చుతగ్గులు తారుమారు కావచ్చుననియు 1946లో విశదీకరించెను. ఫ్లారిడా తీరమున తెల్లని యిసుకపై తెల్లగానుండు ఎలుకజాతి లోనాటికి పోయినకొలది నల్లబడును. ప్రకృతివరణ మొకవైపు, వలసవలన గలుగు సంకరము వేరొకవైపు లాగుటచే నిట్టి క్రమభేద మెట్లు నిలుచునో 1948లో లెక్కగట్టెను.

ఇది పశువుల ముచ్చట మాత్రమే గాదు. ఉప్పు వర్తకము చెడి దిక్కులేనివారైన ఎరుకలవారిని, ఆంగ్లప్రభుత్వము 1911 నాటి చట్టముక్రింద పుట్టునేరస్థులుగా ముద్రవేసెను. ఆ చట్టము దేశమంతట తొలగుటకు 1952 రావలసివచ్చెను. బ్రదుకుదెరువు చెరచి, దోషమును రక్తమున కంటగట్టుట శాస్త్రము గాదు, అన్యాయము.

సూయెజు దండయాత్రను నిరసించి హాల్డేన్ 1957లో కలకత్తా చేరెను, 1961లో భారతపౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోర్కె ననుసరించి దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కర్పించిరి. పరదేశపు విత్తు తాను వరించిన నేలకే తుదకు విద్యాదానమైనది.