డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథముగారికిని వెంకమ్మగారికిని సుబ్బారావుగారు జన్మించిరి. బాల్యమున చదువుపై వారికి మనసు నిలువలేదు. పదమూడవయేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడువగా, తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ పర్యాయమున గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లలను నిందించు పెద్దలు ఈ మాట గమనింతురు గాక.

మదరాసు వైద్య కళాశాలలో శస్త్రచికిత్స వేళ ఖద్దరు ధరించి, వారు ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. అంతకంటె పెద్ద దెబ్బ ఇంట తగిలెను. స్ప్రూ అను వ్యాధి వారి సోదరులనిద్దరిని కొలది దినముల వ్యవధిలో బలిగొనెను. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారసారమును గ్రహింపలేవు. రోగి రక్తము క్షీణించి కృశించిపోవును.

మామగారి సాయమునకు తోడు, మన యానామునకు పొరుగుననున్న కోరంగివారైన మల్లాడి సత్యలింగ నాయకరుగారి కాకినాడ ధర్మనిధి చేయూతనీయగా, భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి, సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. మరల స్వదేశమునకు రానేలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ పాకీపని వంటి పనులు సైతము చేసిరి. 1925లో ఫిస్కే పండితునితో కలిసి, రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అయినను హార్వర్డు వారికి స్థిరమైన పదవి నీయలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరిరి.

అచట వారి పర్యవేక్షణమున 1945లో ఫోలిక్ ఆమ్లమను విటమిను ప్రయోగశాలలో తయారయ్యెను. ఆకును సూచించు లాటిన్ మాటనుండి దానికా పేరు వచ్చినది. మన ఆకుకూరలన్నిట నది కలదు. స్ప్రూ వలని రక్తహీనతకది మందయ్యెను. సోదరులు పోయిన పాతికేండ్లకు గాని ఆ మందు లభింపలేదు.

బోస్టనులో సిడ్నీ ఫార్బరను వైద్యుడు ఆ జాతి విటమినును ల్యుకేమియా సోకిన పిల్లలకిచ్చి చూచెను. ల్యుకేమియా యనగా రక్తమందలి క్యాన్సరు. నారుమడిలో నారు పెరుగుచునే యుండి కంకి వేయకున్న చందమున, ఎముకల మూలుగలో తెల్లకణములు పక్వము గాకయే గుంపులుగా పెరిగిపోవును. విటమిను మేలు చేయలేదు. వ్యాధిని మరింత రెచ్చగొట్టెను. ఫోలిక్ ఆమ్లము లేక కణము విభజింపజాలదు గనుక, దానిని పోలి దాని పని చేయని వస్తువు నిచ్చినచో రోగకణములు మోసపోవునని ఊహ పుట్టెను. సుబ్బారావుగారి సహచరులు అట్టి వస్తువును, అమినోప్టెరినును, తయారుచేసి పంపిరి. 1948 జూనులో ఫార్బరు ఫలితములు ప్రకటించెను: పదునారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి వెనుదీసెను. ఆ ఉపశమనము కొన్ని నెలలే నిలిచెను. కాని అంతకుముందు ఆ పిల్లలకు ఆ మాత్రపు దారియును లేకుండెను. దానికి సోదరమైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

విటమిను చేత ల్యుకేమియాను లొంగదీయు మార్గము మఱొకటి తరువాత తెరువబడెను. మునగాకు, బొప్పాయివంటి వానివలన మనకు లభించు ఎ విటమిను నుండి పుట్టు రెటినోయిక్ ఆమ్లమును, 1980ల దశకమున షాంఘై నగరమున వాంగ్ ఝెన్‌యీ మొదలగు వైద్యులు ఒక తీవ్రజాతి ల్యుకేమియాకు వాడిరి. ఆ జాతిలో 15వ, 17వ క్రోమోసోముల తునుకలు అతుకుకొని ఒక వికృత ప్రోటీనును పుట్టించును. కణమును పక్వమొనర్చు జన్యువులను అది మూసియుంచును. రెటినోయిక్ ఆమ్లము దానినంటి ఆ మూత తొలగించును. అప్పుడు కణము చంపబడక, పక్వమై తనంత తాను రాలిపోవును. 1988లో ప్రకటించిన ఇరువది నలుగురు రోగులలో అందరికిని వ్యాధి ఉపశమించెను. ఇది వైద్యుని చేతి మందేగాని, మునగాకు తినుటచే సాధ్యమగునది కాదు.

ఇదంతయు చూచుటకు సుబ్బారావుగారు లేరు. 1947లో బోదకాలు జ్వరమునకు హెట్రజాను అను మందును కూడ తమ బృందముచే సిద్ధపరచియుండిరి. దాని విలువ మన డెల్టా గ్రామములకు చెప్పనక్కరలేదు. 1948 ఆగస్టు 8వ తేదీన న్యూయార్కు ప్రాంతమున, నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అప్పటికి వారికి 53 ఏండ్లు. ఫార్బరు వ్యాసము వెలువడి రెండు నెలలే అయ్యెను.