వద్దన్న గొంతే పెట్టె నిండా

లేపాక్షిలోనో, హిందూపురంలోనో మీ తాతగారింటి అటక మీద ఒక టూ ఇన్ వన్ ఉండే ఉంటుంది. కాస్త తర్వాత కొన్నదైతే దానికి సీడీ మూత కూడా ఉంటుంది. దించి దుమ్ము దులిపితే పైన ఒక చిన్న స్విచ్ కనబడుతుంది. ఒక పక్క రేడియో, మధ్యలో టేపు, ఇంకో పక్క సీడీ. ఆ స్విచ్‌ను సరైన చోట పెట్టకుండా ఏ మీట నొక్కినా పెట్టె పలకదు. చాలా పెట్టెలు చెడిపోయాయనిపించుకుని అటకెక్కింది ఇందుకే. స్విచ్‌ను ఈ మూడింట్లో ఎటు నెట్టినా ఏదో ఒక రోజు తప్పకుండా తగిలే గొంతు ఒకటుంది. అది ఘంటసాల వెంకటేశ్వరరావుది. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. పాటలు అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ల వయసులో ఆయన కూడా మీలాగే సర్టిఫికెట్ పట్టుకుని మద్రాసు వీధుల్లో పని వెతుక్కున్నారన్నది అంతగా తెలియదు. గొంతు పనికిరాదని ఒక రికార్డు కంపెనీ ఆయన్ను తిప్పి పంపిందన్నది ఇంకా తక్కువమందికి తెలుసు.

పుట్టింది 1922 డిసెంబర్ 4న, కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో. తండ్రి సూరయ్య పాడేవారు, మృదంగం వాయించేవారు. భజనలకు వెళ్తూ కొడుకును భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవారు. పిల్లాడికి పదకొండేళ్లప్పుడు ఆయన పోయారు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. ఆ తర్వాత కుటుంబాన్ని మేనమామ చూసుకున్నారు. పక్క ఊళ్లో ఒక కచేరీలో పెద్ద విద్వాంసులతో పోటీపడి పాడబోయి ఓడి, నలుగురిలో నవ్వులపాలయ్యాక కుర్రాడికి పట్టుదల వచ్చింది. వేలి ఉంగరం అమ్మి విజయనగరం బండెక్కాడు.

తీరా వెళ్తే వేసవి సెలవులు. సంగీత కళాశాల మూసి ఉంది. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు దయతలచి ఆవరణలో పడుకోనిచ్చారు. ఆ నీడ కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. తోటి విద్యార్థులు చేసిన తప్పు తన మీద పడటంతో బయటికి వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు చేరదీసిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. శాస్త్రిగారికి మనసు ఉంది కానీ ఇంట్లో వంట లేదు. అందుకని శిష్యుడు జోలె కట్టుకుని ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తాడు. ఈ మాట తెలియనివాళ్ల కోసం: చదువుకునే పిల్లలు నాలుగిళ్లలో అన్నం అడిగి తెచ్చుకుని తినడాన్ని మధుకరం అంటారు. పేదరికాన్ని పూలదండలా చూపించే కథనాలు నాకు నచ్చవు. అది ఆకలే, ఇంకొకటి కాదు. కానీ ఆ ఆకలితోనే నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలో పూర్తి చేశాడు.

డిప్లొమా చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఊరికి వచ్చి కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ గడుపుతుండగా 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయ్యాడు. ఏడాదికి పైగా ఉంచింది మనకు పొరుగునే, బళ్లారి అల్లీపురం జైల్లో. బళ్లారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. పొట్టి శ్రీరాములు, బెజవాడ గోపాలరెడ్డి లాంటి నాయకులు కూడా అక్కడే ఖైదీలు. విడుదలయ్యాక 1944లో సావిత్రిగారితో పెళ్లయింది. కచేరీకి వేరే విద్వాంసుణ్ణి పిలవలేదు. పెళ్లికొడుకే కూర్చుని పాడాడు.

పార్కులో రాత్రులు

అత్తగారి ఊళ్లో సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఆయన పాట విన్నారు. సినిమాల్లో పనికొస్తావు, మద్రాసు రమ్మన్నారు. అప్పు చేసి రైలెక్కారు ఘంటసాల. సముద్రాలవారి ఇల్లు చిన్నది, అక్కడ ఎక్కువ రోజులు ఉండి భారం కాకూడదనుకున్నారు. టీనగర్ పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలిచ్చి, సామాను అతని దగ్గర పెట్టి, రాత్రుళ్లు పార్కులోనే పడుకునేవారు. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడమే.

హెచ్.ఎం.వి. కంపెనీలో పరీక్ష జరిగింది ఆ రోజుల్లోనే. గొంతు రికార్డుకు సరిపోదని వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో కొంత ఊహించొచ్చు. అప్పటి తెలుగువాళ్ల చెవికి పాటంటే రంగస్థలం పాట. మైకు లేని పందిట్లో చివరి వరుసకు వినబడాలంటే గొంతెత్తి, పైస్థాయిలో ఖంగుమనిపించాలి. గ్రామఫోను రికార్డుల్లో అమ్ముడుపోయేవీ అలాంటి గొంతులే. ఘంటసాలది మరీ పైకి పోకుండానే నిండుగా పలికే గొంతు. అది దోషమని చెప్పినవాళ్లు సంగీతం తెలియనివాళ్లు కాదు. వాళ్లు పాత కొలతతో కొలిచారు, అంతే. కొన్నాళ్లకు ఆ కంపెనీలోకి పేకేటి శివరాం వచ్చారు. తర్వాత సినిమా నటుడిగా పేరు తెచ్చుకున్నది ఆయనే. ఆయన ఇదే గొంతును రికార్డు చేయించారు.

ఈలోగా పొట్ట నింపింది మన పెట్టె మీది మొదటి గడి, రేడియో. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు అక్కడ ఘంటసాలతో లలిత గీతాలు పాడించారు. సినిమాల్లో గుంపులో గొంతు కలపడం, గుంపులో నిలబడే చిన్న వేషాలు కూడా చేశారు. బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ' 1945లో వచ్చింది. అందులో భానుమతి పక్కన తొలి యుగళగీతం పాడించారు. భయంతో వణుకుతుంటే భానుమతి, నాగయ్య ధైర్యం చెప్పారట. ముట్టింది 116 రూపాయలు.

ఆ తర్వాత కూడా ఒక్క రాత్రిలో ఏమీ మారలేదు. ఇంకో మూడునాలుగేళ్లు పెద్ద సంగీత దర్శకుల దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్నారు. 1949లో 'మనదేశం'కు సంగీతం చేశారు. ఎన్టీఆర్ తొలిసారి తెర మీద కనబడిన సినిమా అది. 1951లో మన తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డి తీసిన 'పాతాళభైరవి' ఆడాక ఇక వెనక్కి చూసుకోలేదు. 1953లో 'దేవదాసు', 1957లో 'మాయాబజార్', 1963లో 'లవకుశ' వచ్చాయి. 'మాయాబజార్' పని సాలూరి రాజేశ్వరరావు మొదలుపెట్టి కొన్ని బాణీలు చేసి తప్పుకుంటే, మిగిలిన బరువంతా ఘంటసాల మోశారు. సొంత సినిమాలు కూడా తీశారు కానీ వాటితో డబ్బు మిగల్లేదు.

యంత్రానికి తగ్గట్టు పద్యం

నా లెక్కలో ఆయన చేసిన అసలు పని పాటలో కన్నా పద్యంలో కనబడుతుంది. మన సీమలో పద్యనాటకం ఆడని ఊరు తక్కువ. నాటకంలో పద్యం చివర రాగం తీస్తూ పోతే, వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటికి. జనానికి అదే పండగ. గ్రామఫోను రికార్డుకు ఆ తీరిక లేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లెంలో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఘంటసాల సాగదీత తగ్గించి, పద్యంలో మాటను ముందుకు తెచ్చారు. ఏ అక్షరం దగ్గర ఊపిరి ఆపాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్నది మైకు పట్టుకునేలా పాడారు. పందిట్లో అయితే ఆ తగ్గింపు రెండో వరుసకే వినబడదు. మైకు ముందు అదే ప్రాణం. కరుణశ్రీ రాసిన 'పుష్పవిలాపం' ఆయన గొంతులో రికార్డుగా వచ్చాక, సంగీతం రానివాళ్లు కూడా పద్యాన్ని కూనిరాగం తీయడం మొదలుపెట్టారు. కంపెనీ వద్దన్న లక్షణమే కొత్త యంత్రానికి అవసరమైన లక్షణమైంది.

లేపాక్షి వీరభద్రస్వామి గుడి నాట్యమంటపంలో బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడూ ఉంటాడు, రంభ ఆడుతుంటుంది. దాదాపు ఐదు వందల ఏళ్ల రాతి కచేరీ అది. వేళ్లు ఎలా పెట్టారో కూడా కనబడుతుంది. నాదం మాత్రం దొరకదు. ఘంటసాల తరం పాటగాళ్లు ఆ విషయంలో అదృష్టవంతులు. అయితే ఆయన పాట ఊళ్లకు చేరిన దారి కూడా సూటిగా లేదు. 1950ల మొదట్లో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు ఆగిపోయాయి. కేంద్ర మంత్రి కేస్కర్‌కు అవి గిట్టవు, నిర్మాతలతోనూ గొడవ వచ్చింది. అప్పుడు జనం షార్ట్‌వేవ్ తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అక్కడ తెలుగు పాటలు కూడా వచ్చేవి. 1957లో వివిధ భారతి మొదలయ్యాకే మన రేడియో మళ్లీ పాట అందుకుంది. మీ పెట్టెలో బ్యాండ్ మార్చే మీట మీద ఎస్.డబ్ల్యు. అని రాసి ఉందంటే దాని వెనక ఇంత కథ ఉంది.

ఒక చిన్న కిటుకు కూడా చెప్పాలి. పైకి లాగే ఏరియల్ కడ్డీ షార్ట్‌వేవ్‌కు, ఎఫ్.ఎం.కు మాత్రమే. మీడియం వేవ్‌లో కడపో, బెంగళూరో సరిగా రాకపోతే కడ్డీని లాగి ప్రయోజనం లేదు. ఆ తరంగాలను పట్టే నల్లటి కడ్డీ పెట్టె లోపల అడ్డంగా ఉంటుంది. అందుకని పెట్టెనే అటూ ఇటూ తిప్పి చూడాలి. ధర్మవరంలో మగ్గాల దగ్గర రేడియో పెట్టుకున్న పెద్దలను అడగండి, ఏ గోడకు ఏ వైపు పెడితే పలికేదో ఇప్పటికీ చెబుతారు.

రేడియో మాట వచ్చింది కాబట్టి మరొకటి. ఆకాశవాణిలో కళాకారులకు ఇప్పటికీ స్వర పరీక్ష పెట్టి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులిస్తారు. మొదటిసారి కుదరకపోతే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అనంతపురం కేంద్రంలో కనుక్కోండి. మాట బాగుంటే క్యాజువల్ అనౌన్సర్ల ప్రకటనలు చూస్తూ ఉండండి.

చివరి రికార్డు

1970లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాది యూరప్, అమెరికాల్లో కచేరీలు చేశారు. అప్పటికే చక్కెర జబ్బు ఉంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారు. మంచం మీద ఉన్నప్పుడే భగవద్గీత పాడాలన్న కోరిక పుట్టింది. అది పూర్తయ్యాక సినిమా పాటలు మానేద్దామని కూడా అనుకున్నారు. ఎంచిన శ్లోకాలు, వాటికి తెలుగు తాత్పర్యం, అన్నీ తన గొంతుతోనే రికార్డు చేశారు. విడుదల చేసింది ఒకప్పుడు వద్దన్న హెచ్.ఎం.వి.యే. 1974 ఫిబ్రవరి 11న మద్రాసు ఆస్పత్రిలో కన్నుమూశారు. వయసు 51.

ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును 1963లోనే తెచ్చినా, మన ఇళ్లలోకి టేప్ రికార్డర్ విరివిగా వచ్చింది 1980లలో. అంటే ఆ గీత గుళ్లలో తెల్లవారుజామున, చావు జరిగిన ఇంటి ముందు షామియానా కింద, టీ కొట్లలో మోగిన రోజులు ఆయన చూడలేదు. సీడీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ క్యాసెట్ మీ ఇంట్లో ఇంకా ఉంటే ప్లే నొక్కే తొందర వద్దు. చాలాకాలం కదలని రీలు అతుక్కుని ఉంటుంది. ముందు పెన్సిల్ పెట్టి నాలుగు చుట్లు చేత్తో తిప్పండి. దూదిని కొంచెం స్పిరిట్‌లో ముంచి, పెట్టెలో రీలు తగిలే మెరిసే భాగాన్ని, దాని పక్కనున్న రబ్బరు చక్రాన్ని తుడవండి. ఆరాకే క్యాసెట్ పెట్టండి. అది ఎటు తిప్పి పెట్టాలో మూత మీద బొమ్మ ఉంటుంది. దిగకపోతే నొక్కొద్దు. కంపెనీ క్యాసెట్ అయితే వెనక అంచున చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉండవు కాబట్టి పొరపాటున రికార్డు మీట నొక్కినా దిగదు. ఇంట్లో ఎవరో ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నదైతే ఆ రెక్కలు విరిచేయండి, లేకపోతే గీత మీద మీ మాటలు పడతాయి.

తర్వాత రెండు చివర్లా పిన్ను ఉన్న 3.5 మిల్లీమీటర్ల కేబుల్ కొనండి. ఒక కొసను పెట్టె ఇయర్‌ఫోన్ రంధ్రంలో, ఇంకో కొసను కంప్యూటర్ లైన్ ఇన్‌లో పెట్టండి. అది లేకపోతే మైకు రంధ్రమైనా సరే. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, పెట్టె వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. సూచిక ఎర్రగా మారుతుంటే ఇంకా తగ్గించండి. ఇది ఫైలు కాపీ చేసినట్టు నిమిషంలో అయ్యే పని కాదు. అరవై నిమిషాల క్యాసెట్టుకు అరవై నిమిషాలూ పడుతుంది. సగంలో క్లిక్కున ఆగుతుంది, అప్పుడు తీసి రెండో వైపు తిప్పి పెట్టాలి.