మార్తా హార్పర్

నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో స్త్రీల కేశాలంకరణశాలలు కానవచ్చును. ఒకప్పుడు అమెరికాలో సైతము సంపన్నస్త్రీలు తల దువ్వించుకొనుటకు ఇల్లు కదలెడివారు కారు.

ఆ వాడుకను మార్చిన మార్తా హార్పర్ 1857లో కెనడాలో ఒక పేద దర్జీకి జన్మించెను. ఏడేండ్లకే తండ్రి ఆమెను పరుల ఇంటి చాకిరికి పంపెను. ఇరువదేండ్లకు పైగా దాసిగనే మెలగెను. యజమానులలో ఒక వైద్యుడు ఆమెకు శిరోజరక్షణమును నేర్పెను.

1888లో, కూడబెట్టిన 360 డాలర్లతో అమెరికాలోని రోచెస్టరు నగరమున గది అద్దెకు తీసికొని శాల తెరచెను. గిరాకి లేదు. ప్రక్కగదిలో సంగీతపాఠములు జరుగుచుండెను. పిల్లలకు తోడువచ్చిన తల్లులకు కూర్చుండ చోటు లేదు. మార్తా వారిని తన శాలకు పిలిచి ఆసనమిచ్చెను. నేలనంటు ఆమె కురులను చూచిన తల్లులు ఊరక లేచిపోవుదురా?

1891 నుండి ఇతర నగరములలోను శాలలు వెలసెను. వానిని ధనవంతులకు అమ్ముకొనవచ్చును గదా! ఆమె అట్లు చేయలేదు. తనవలె చాకిరి చేసిన పేదస్త్రీలను పిలిపించి, తల కడుగుట, మర్దనము, పరిశుభ్రత నేర్పి, వారినే యజమానురాండ్రను గావించెను. మందులు తనవద్దనే కొనవలెననియు, పద్ధతి తప్పరాదనియు కట్టడి చేసెను, తనిఖీయు చేయించుచుండెను. శాలలు క్రమముగా 500 వరకు పెరిగెను.

1950లో ఆమె కన్నుమూసెను. తల వెనుకకు వాల్చి కడుగుటకు ఆమె చేయించిన కుర్చీ వంటివి నేటికిని శాలలలో నున్నవి.